ప్రయాణికులు లేని విమానం

ఇది జరిగిన రోజుల్లో నాకు అక్షరాలు వచ్చు గాని వాక్యాలు రావు. ఉప్పు, పప్పు, చింతపండు, మా ఆయన పేరు, మా అమ్మాయి పేరు, ఇలా విడివిడి మాటలు రాయగలిగేదాన్ని. ఒక మాట పక్కన ఇంకో మాట పెట్టి మనసులో ఉన్నది కాగితం మీదికి తేవడం చేతనయ్యేది కాదు. శ్రీకాకుళం వైపు ఒక పల్లెలో పుట్టాను. బడి పక్క ఊళ్ళో ఉండేది. తమ్ముళ్ళని ఎత్తుకునే పని నాది, బడికి వెళ్ళే పని వాళ్ళది అయింది. పెళ్ళై బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చాక చుట్టూ హిందీ బోర్డులు. నాకు తెలుగు బోర్డైనా ఒకటే, హిందీ బోర్డైనా ఒకటే.

మా ఆయన రిటైరై, ఉస్లాపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాక, మా వీధిలో ఒక తెలుగు టీచరమ్మ దొరికింది. ఆవిడా రిటైరైన మనిషే. మధ్యాహ్నం పూట ఆవిడ వరండాలో కూర్చుని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. అప్పటికి నా జుట్టు సగం నెరిసింది. ఇప్పుడు ఆవిడే "మీకు జరిగిన సంగతి ఏదైనా రాసుకురండి" అంటే, నాకు ముందుగా గుర్తొచ్చింది మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చిన ఆ వారం.

మా ఆయన రైలింజను డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అనాలట. మా అమ్మాయి విమానం నడుపుతుంది. "ఒకే ఇంట్లో ఇద్దరు పైలట్లేటి వదినా, మిగతా వాళ్ళం టిక్కెట్టు కొనుక్కుని ఎక్కాలేటి?" అని మా ఎదురింటి వదిన వచ్చిన ప్రతి చుట్టం ముందూ అనేది. ఆవిడా మేమూ పూర్వం ఒకే క్వార్టర్ల వరసలో ఉండేవాళ్ళం. ఉస్లాపూర్‌లోనూ ఎదురెదురుగానే స్థలాలు కొనుక్కున్నాం.

డ్రైవర్ల ఇళ్ళల్లో మాకు ఒక పద్ధతి ఉండేది. డ్యూటీకి బయల్దేరిన మనిషిని "ఎప్పుడొస్తారు" అని అడగం. క్యారియర్ చేతికిచ్చి, "డ్యూటీ చూసుకోండి" అని తలుపు దగ్గర నిలబడతాం. అంతే. కొత్తలో నేను ఒకసారి అడగబోతే మా అత్తగారు వంటింట్లోంచి గదిమింది. "అలగ అడగకే. అడిగితే ఆడు గడియారం సూసుకుంటా నడుపుతాడు. ఇంటి తొందర ఇంజిన్ ఎక్కకూడదు" అంది. అప్పటినుంచి ఆయన్ని ఆ మాట అడగలేదు. మా అమ్మాయిని మాత్రం ప్రతిసారీ అడిగేదాన్ని. ఆటో ఎక్కుతుంటే కూడా కిటికీలోంచి చెయ్యి పట్టుకుని "మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా" అనేదాన్ని. ఎంత పెద్ద విమానం నడిపినా నా కంటికి అది కూతురే తప్ప డ్యూటీకి వెళ్ళే మనిషి కాదు.

చిన్నప్పుడు దానికి మా ఆయన సైకిల్ నేర్పుతుంటే రైల్వే గ్రౌండ్‌లో పిల్లలందరూ నవ్వారు. అందరూ తొక్కడం నేర్చుకుంటుంటే ఇది సైకిల్ దిగిపోయి, "ముందు ఆపడం చూపించు నాన్నా" అని పట్టుబట్టింది. బ్రేకు నొక్కి ఆపడం, కాలు ఆన్చి ఆపడం, ఏదీ కుదరకపోతే ఇసకలోకి తిప్పి పడిపోవడం, ఇవన్నీ చేసి చూసుకుంది. ఆ తర్వాతే పెడలు మీద కాలు పెట్టింది. నవ్విన పిల్లల్లో చాలామంది మోకాళ్ళు చీరుకున్నారు. ఇదీ చీరుకుంది, కాకపోతే తను అనుకున్న చోట.

ఆ సెలవుకి వచ్చేనాటికి దాని భుజం మీద మూడు పట్టీలు. నాలుగోది వస్తే కెప్టెన్. కుడివైపు సీటు నుంచి ఎడమవైపు సీటుకి మారడం అది. దానికి శిక్షణకి పంపే వాళ్ళ పేర్లు ఆ వారంలోనే కంపెనీ వాళ్ళు తేలుస్తారని చెప్పింది. చాలా ఏళ్ళుగా దానికోసమే ఎదురుచూస్తోంది. ఇంట్లో పైకి ఎవరం అనేవాళ్ళం కాదు గాని, ఎదురింటి వదిన అప్పటికే స్వీట్లు ఏ దుకాణంలో తేవాలో నాతో రెండుసార్లు మాట్లాడింది.

వచ్చిన రెండో రోజు నేను స్టవ్ మీద వంకాయలు కాలుస్తున్నాను, పచ్చడికి. అమ్మాయి గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయ తరుగుతోంది. ఫోన్ మోగింది. వాళ్ళ ఆఫీసరు. పేర్లు తేల్చేదీ ఆయనే. సగం ఇంగ్లీషు, సగం హిందీ. నాకు తెలిసిన హిందీ ముక్కలు కలుపుకుంటే అర్థమైందేమిటంటే, వేరే ఊళ్ళో ఒక విమానం పెద్ద రిపేరుకి వెళ్ళి సిద్ధమైంది, దాన్ని ఒకసారి పరీక్షగా ఎగరేసి చూడాలి, ఒక సీనియర్ కెప్టెన్ వస్తున్నాడు, పక్క సీట్లోకి నువ్వు రా, అని.

"సార్, నేను ఆ ఫ్లైట్లకి ట్రైనింగ్ తీసుకోలేదు కదా" అంది మా అమ్మాయి.

అటునుంచి నవ్వు వినబడింది. ప్రయాణికులు లేరు, సామాను లేదు, రెండు గంటల పని, కాగితంలో ఉన్నవి ఒకటొకటిగా చూసి దిగిపోవడమే అన్నాడు. నీలాంటి వాళ్ళు అవుననాలి, ఇలాంటివి మేం గుర్తుపెట్టుకుంటాం అని కూడా అన్నాడు. రేపు సాయంత్రంలోగా చెప్పమన్నాడు.

ఫోన్ పెట్టేసి అది మళ్ళీ ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది. నేను మాత్రం ఉబ్బిపోయాను. "నీ మీద నమ్మకం ఉండబట్టే కదేటి పిలిచారు! ఎల్లమ్మా. జనం కూడా లేరంటున్నారు, భయమేటి?"

"జనం లేకపోతే నేను జనం కానా అమ్మా?"

"అలగ కాదే..."

"అమ్మా, నీ కుక్కర్ ఏదీ?" అంది.

కుక్కర్ తోమి బోర్లించి ఉంది. తెచ్చి నా ముందు పెట్టింది.

"దీన్ని రిపేరుకి ఇచ్చి తెచ్చావనుకో. రబ్బరు మార్చారు, వాల్వు మార్చారు. అన్నం వండి చూస్తావు. విజిల్ వస్తుంది. బస్, అంతే, బాగుంది. అది నా రోజూ పని. జనాన్ని ఎక్కించుకుని వెళ్ళి దించడం. కాని ఈ మూత మీద ఈ చిన్న బిళ్ళ ఉంది చూడు, సేఫ్టీ వాల్వు. ఇది పనిచేస్తోందో లేదో ఎలా చూస్తావు?"

నేను ఆలోచించాను. "అది పేలితేనే తెలుస్తాది."

"కదా? మత్లబ్, విజిల్ మూసేసి మంట పెట్టాలి. ఎంతసేపు పెడతావు? ఎంత దూరంలో నిలబడతావు? అది పేలకపోతే ఎప్పుడు కట్టేస్తావు?"

"ఓలమ్మ, నాను అలాటి పని సెయ్యను!"

"నన్ను అదే చెయ్యమంటున్నారు" అంది.

స్టవ్ మీద వంకాయ మాడిపోయింది. నేను చూసుకోలేదు.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. విమానంలో కొన్ని ఉంటాయట, అవి ఏళ్ళ తరబడి పనిచేయాల్సిన అవసరమే రాదు. వేగం మరీ తగ్గిపోతే హెచ్చరించేవి, ఒకటి చచ్చిపోతే దాని బదులు లేచేవి. రిపేరు తర్వాత అవి బతికే ఉన్నాయా అని చూడాలంటే, కావాలని వేగం తగ్గించుకుంటూ పోవాలి, కావాలని ఒకదాన్ని ఆపేయాలి. "మాకు నేర్పేదంతా అంచు దగ్గరికి పోకుండా ఉండడం అమ్మా. పొరపాటున పోతే బయటపడడం కూడా నేర్పుతారు. కాని కావాలని అంచు దాకా నడుచుకుంటూ వెళ్ళి, వంగి చూసి, వెనక్కి రావడం వేరే విద్య. దానికి వేరే మనుషులుంటారు. ఏ ఎత్తులో మొదలుపెట్టాలి, ఎవరు ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలి, ఏది కనబడితే ఆపేయాలి, అన్నీ నేల మీద ఉండగానే మాట్లాడుకుంటారు. ఆ కాగితంలో ఏం చూడాలో ఉంటుంది. ఎక్కడ ఆగాలో చదివినంత మాత్రాన రాదు. మంచి పైలట్లే, చాలా ఏళ్ళు నడిపినవాళ్ళే, మాకేం కాదులే అని పైకెళ్ళి అక్కడ అప్పటికప్పుడు తేల్చుకోబోయి తిరిగిరాని వాళ్ళున్నారు."

"మరి రానని సెప్పీ."

"చెప్తే నా పేరు ఉండదు."

అంత మామూలుగా అంది. ఉల్లిపాయ వల్ల దాని కళ్ళలో నీళ్ళున్నాయి, కాబట్టి ఏవి దేనివల్ల వచ్చాయో నాకు తేలలేదు.

సాయంత్రం మా ఆయన వరండాలో కుర్చీలో ఉన్నారు. కట్నీ లైను మా ఇంటికి దగ్గరే. బండి వెళ్తే ఇంజను ఏదో, బరువు ఎంతుందో ఇప్పటికీ చెవితోనే చెబుతారు. అమ్మాయి పక్కన మెట్టు మీద కూర్చుని విషయం చెప్పింది. ఆయన పట్టాల వైపు తిరిగారు. ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. ఆయన డ్యూటీ రోజుల్లో ఇలాంటి మాటే ఒకటి ఆయన నోటినుంచి వచ్చింది.

రైల్వేలో రోడ్డు నేర్చుకోవడం అని ఉంటుంది. డ్రైవరుకి ఇంజను నడపడం వస్తే చాలదు. ఏ దారిలో బండి తీసుకెళ్తాడో ఆ దారి ముందు నేర్చుకోవాలి. తెలిసిన డ్రైవరు నడుపుతుంటే ఇంజన్లో అతని వెనక నిలబడి, ఎక్కడ ఎత్తు, ఎక్కడ వంపు, ఏ మలుపు తర్వాత సిగ్నల్ కనబడుతుంది, పగలూ రాత్రీ చూసుకుని, అప్పుడు నాకు ఈ రోడ్డు వచ్చు అని సంతకం చేయాలి. కొన్నాళ్ళు ఆ దారిలో వెళ్ళకపోతే మళ్ళీ నేర్చుకోవాలి. ఆయన ఒకసారి కాలు విరిగి నెలల తరబడి ఇంట్లో ఉన్నారు. తిరిగి వెళ్ళిన మొదటి డ్యూటీలోనే కట్నీ వైపు బొగ్గు బండి ఇచ్చారు. ఆ దారిలో ఘాట్ ఉంది, అడవి, దిగుడు. ఈయన "నాకు రోడ్డు పోయింది, మళ్ళీ నేర్చుకోవాల, లేదంటే తెలిసినోడిని పక్కన ఇవ్వండి" అన్నారు. తిట్టారు. బండి ఆగిపోయింది. ఆ కబురు మా కంటే ముందు కుళాయి దగ్గరికి చేరింది.

"వదినా, ఇన్నేళ్ళు ఇంజను తోలినోడికి దారి మరిచిపోనాదంట కదేటి!" అని ఇదే ఎదురింటి వదిన బిందె పట్టుకుని నవ్వింది.

"మరిచిపోనాదని సెప్పడం మరిచిపోలేదులే" అన్నాను నేను.

ఆ రోజు మా అమ్మాయి, బుడ్డది, వాళ్ళ నాన్న బూట్లు విప్పుతుంటే అడిగింది. "అందరి ముందూ తెలీదని చెప్పీసావా నాన్నా?"

"మరేటి. ఎనకాల గార్డు ఉంటాడు కదా, ఆఖరి డబ్బాలో. ఆడికి ముందు ఏటీ కనబడదు. నాను సెప్పకపోతే ఆడికెలగ తెలుస్తాది?"

అలాంటి మనిషి, ఇప్పుడు కూతురు అడిగేసరికి మెత్తబడిపోయారు.

"సూడమ్మా, నాకూ నీకూ పోలిక పెట్టుకోకు. నాను కాదంటే నా బండి ఒకటి ఆగింది. నీది వేరు. ఇన్నేళ్ళు సదివినావు. నాలుగో పట్టీ వస్తాదంటే... పక్కన సీనియరు ఉన్నాడంటున్నావు కదా. తెలిసినోడు ఒకడు పక్కనుంటే బండి కదలొచ్చు. మా రూలూ అదే."

"ఆయనకీ తెలీదు నాన్నా."

"ఏటి?"

"ఆయన చాలా సీనియర్. మంచివారు. కాని టెస్ట్ ఫ్లైట్లు ఆయనా నేర్చుకోలేదు. మా కంపెనీలో నేర్చుకున్నాయన రిటైరైపోయారు. అందుకే మమ్మల్ని వెతుక్కుంటున్నారు."

మా ఆయన కుర్చీలో ముందుకి వంగారు. "ఇద్దరికీ రోడ్డు తెలీదా?"

"తెలీదు."

"ఇంజన్లో ఇద్దరికీ రోడ్డు తెలీకపోతే ఆ బండి యార్డు దాటకూడదు" అన్నారు. స్టేషన్ వైపునుంచి ఖాళీ గూడ్సు రేక్ ఒకటి వెళ్తోంది. అది పూర్తిగా వెళ్ళేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం.

మర్నాడు పొద్దున్న అది ముందుగా ఫోన్ చేసింది ఆఫీసరుకి కాదు, ఆ సీనియర్ కెప్టెన్‌కి. నాకది ముచ్చటేసింది. తను తప్పుకుని ఇంకో పిల్లని ఆ సీట్లో కూర్చోనిచ్చి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. చాలా మర్యాదగా మాట్లాడింది.

"సార్, ఒక్క సందేహం. వేగం తగ్గించుకుంటూ పోతాం కదా. హెచ్చరిక రావలసిన చోట రాకపోతే, ఇక చాలు అని ఎవరు అంటారు? మీరా, నేనా?"

ఆయన ఏదో అన్నాడు.

"అచ్ఛా. ఏ ఎత్తులో మొదలుపెడతాం సార్? మబ్బులుంటే?"

అది తొందరపెట్టలేదు. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, కిటికీ ఊచ మీద ఎండిన పెయింటు గోరుతో గీకుతూ నిలబడింది. చివరికి ఆయన నవ్వాడు. "ఇన్నేళ్ళ నా అనుభవానికి నువ్వు అడిగినదానికి జవాబు లేదమ్మాయ్. నాకు ఆలోచించే టైమివ్వు" అన్నాడని తర్వాత చెప్పింది.

అప్పుడు ఆఫీసరుకి చేసింది. ఈసారి స్పీకర్ పెట్టింది, మేం వింటామని. మా ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"సార్, నేను ఈ ఫ్లైట్‌కి రాలేను. భయపడి కాదు. నాకు రాదు. నేర్పించండి, సిమ్యులేటర్లో చేయించండి, తెలిసినవాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా ముందు నేనే వస్తాను."

ఆఫీసరు గొంతు చల్లగా ఉంది. నువ్వు ఆలోచించుకునే చెబుతున్నావా అన్నాడు. పేర్ల సంగతి నీకు తెలుసు కదా అన్నాడు.

"తెలుసు సార్. అది మీ ఇష్టం. ఇంకొక్క మాట. తెలిసినవాళ్ళు ఎవరైనా వస్తే, వాళ్ళు ముందుగా మాట్లాడుకునేటప్పుడు నేను కూర్చుని వినొచ్చా?"

ఆ ఆఖరి మాట ఆయనకీ వింతగా తోచినట్టుంది. చూద్దాం అని పెట్టేశాడు.

సాయంత్రానికి సీనియర్ కెప్టెన్ కూడా తనకి ఆ పని రాదని చెప్పేశాడని కబురొచ్చింది. విమానం షెడ్డులోనే ఉండిపోయింది. వాళ్ళు షెడ్డు అనరట, ఏదో వేరే పేరు ఉంది. మా ఇంట్లో మాత్రం షెడ్డే.

రెండు రోజుల తర్వాత ఆ పని నేర్చుకున్న పైలట్లని ఎక్కడినుంచో రప్పించారు. ఆఫీసరు పెద్దమనసుతోనో, మళ్ళీ మళ్ళీ అడగడం పడలేకనో, వాళ్ళ మాటలు కంప్యూటర్లో వినే ఏర్పాటు చేశాడు. అది గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. నేను టీ ఇవ్వడానికి వెళ్తే వేలు పెదాల మీద పెట్టుకుంది. మళ్ళీ వెళ్తే ఆ టీ అలాగే మీగడ కట్టి ఉంది. అన్నానికి పిలిస్తే రాలేదు. సెలవు పెట్టి కన్నవాళ్ళ ఇంటికొచ్చిన మనిషి! బయటికి వచ్చేసరికి ఎండ వాలిపోయింది. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, రెండు గంటల ఎగురుడికి ఒక రోజంతా మాట్లాడుకున్నారు! ఒక్కొక్క పనికీ, ఇది జరక్కపోతే ఇలా, అదీ జరక్కపోతే వెనక్కి. ఒకాయన చేస్తాడు, ఇంకొకాయన చూసి ఆపమంటాడు. ఆపమన్న తర్వాత మాట్లాడకూడదు, ఆపాలంతే. ఎందుకని పైన అడగకూడదు. కిందికొచ్చి అడగాలి."

"మీ నాన్నతో సెప్పు" అన్నాను. అప్పటికే ఆయన గుమ్మంలో ఉన్నారు. ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. ఆయన ఘాట్ దిగేటప్పుడు బ్రేకు ముందే ఎక్కడ వేసుకోవాలో చెబుతున్నారు, అది విమానం సంగతి చెబుతోంది. ఒకరిది ఒకరికి ఎంత అర్థమైందో నాకు తెలియదు గాని ఇద్దరి చేతులూ గాలిలో ఒకేలా కదులుతున్నాయి.

ఆ పైలట్లు మొదటి రోజు పైకెళ్ళి, సగం పని చేసి, వాళ్ళకి కావలసిన ఎత్తులో మబ్బులు కమ్మాయని దిగిపోయారట. వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు మళ్ళీ ఎగిరి పూర్తి చేశారు. విమానంలో ఏ లోపమూ లేదు. అంతా బాగానే ఉంది.

ఆ కబురు మా అమ్మాయికి ఎవరో తోటి పైలట్ ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. చూశావా, ఏమీ లేదు, అనవసరంగా గొడవ చేశావు అని. అది కోపగించుకోలేదు. "ఏమీ లేదని ముందు తెలీదు కదా. తెలిస్తే టెస్ట్ ఎందుకు?" అంది. ఫోన్ పెట్టేశాక నాతో, "మబ్బులొస్తే వాళ్ళు దిగిపోయారు. మేమిద్దరం అయితే, వచ్చాం కదా, కానిచ్చేద్దాం అనుకునేవాళ్ళం. అది నాకు బాగా తెలుసు" అంది.

తిరిగి వెళ్ళే ముందురోజు సాయంత్రం పేర్లు వచ్చాయి. దాని పేరు లేదు. ఈ విడతలో కుదరలేదు, తర్వాత చూస్తాం అని రాశారట. ఫోన్ నా చేతికిచ్చింది. అది ఇంగ్లీషు. తెలుగైనా అంత పొడుగు వాక్యాలు నాకు ఎలాగూ రావు. అయినా చూశాను. అది లోపలికి వెళ్ళి మొహం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. బయటికొచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈసారి ఉల్లిపాయలు లేవు.

ఎదురింటి వదిన వచ్చి కూర్చుంది. కబురు దాచలేదు, చెప్పేశాను.

"అయ్యో. ఒక్కమాట సరే అనీసుంటే పోయేది కదేటమ్మా. విమానం బాగానే ఎగిరిందంటున్నారు. ఇప్పుడు చూడు, స్వీట్లు కూడా చెప్పీసినాను" అంది, నిజంగా బాధపడుతూనే.

మా అమ్మాయి ఆవిడ పక్కన కూర్చుంది. "అత్తా, నువ్వు వచ్చే నెల విశాఖపట్నం విమానంలో వెళ్తావు కదా, అన్నయ్య తీసుకెళ్తానన్నాడు?"

"అవునమ్మా. మొదటిసారి."

"ఆ విమానం రిపేరుకి వెళ్ళొచ్చిందనుకో. దాన్ని ఎవరు చూసి పంపాలి? ఆ పని వచ్చినవాళ్ళా, ఊరికే సరే అన్నవాళ్ళా?"

వదిన బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "పని వచ్చినోళ్ళే" అంది. తర్వాత, "ఆ స్వీట్లు తెప్పించీమంటావా మరి?" అని నా వైపు చూసింది. మా ఆయన నవ్వారు. ఆ సాయంత్రం అందరం నవ్వాం, అదీ నవ్వింది. కాని నవ్వు మధ్యలో అది భుజం ఒకసారి తడుముకోవడం నేను చూశాను, పట్టీలు ఉండే చోట. యూనిఫామ్ లేదు, ఇంట్లో వేసుకునే పాత కుర్తా.

మర్నాడు పొద్దున్నే లేచాను. రాయ్‌పూర్ దాకా రైల్లో వెళ్ళి అక్కడ విమానం ఎక్కాలి, ఆ మర్నాడు దానికి డ్యూటీ. మామూలుగా దానికి స్వీట్లూ జంతికలూ కట్టి ఇస్తాను, కూతురికి ఇచ్చినట్టు. ఆ రోజు అటక మీంచి మా ఆయన డ్యూటీ క్యారియర్ దించాను. నాలుగు గిన్నెల స్టీలుది. మూత మీద ఆయన పేరు హిందీలో ఉంది, షెడ్డులో పెయింటు వేసే అతను రాశాడు. డ్యూటీ మధ్యలో డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్‌లో క్యారియర్లు కలిసిపోకుండా అందరూ అలా రాయించుకునేవారు. అప్పట్లో నాకు ఆ పేరు చదవడం రాదు. పక్కన ఉన్న సొట్టని బట్టి ఇది మాదని గుర్తుపట్టేదాన్ని.

క్యారియర్ తోమాను. పులిహోర కలిపాను, పాడవదు కాబట్టి. చపాతీలు, వంకాయ వేపుడు, ఆఖరి గిన్నెలో గట్టి పెరుగు. ఆయన లైను మీదికి వెళ్ళేటప్పుడు పెట్టేవే. తర్వాత దాని సంచిలోంచి గోళ్ళ రంగు సీసా తీసి, మూత మీద ఆయన పేరు కింద దాని పేరు రాశాను, తెలుగులో. ఒక అక్షరం కొంచెం పక్కకి ఒరిగింది. ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.

అది స్నానం చేసి వచ్చి చూసింది. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు, హిందీ బళ్ళో చదివింది. క్యారియర్ అటూ ఇటూ తిప్పి, "ఇదేటమ్మా? నా పేరేనా?" అంది.

"నీదే."

క్యారియర్‌ని సంచిలో పెట్టకుండా చేత్తోనే పట్టుకుంది. ఆటో వచ్చింది. మా ఆయన సంచి లోపల పెట్టారు. అది ఎక్కి కూర్చుని, అలవాటుగా కిటికీలోంచి చెయ్యి చాపింది, నేను పట్టుకుని అడుగుతానని. పట్టుకున్నాను.

"డ్యూటీ చూసుకోమ్మా" అన్నాను.

అది ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత తల ఊపింది, వాళ్ళ నాన్న ఊపినట్టే. ఆటో మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి, లోపలికొచ్చి, పొయ్యి మీద ఆయనకి టీ నీళ్ళు పెట్టాను.